నిటారు వాలులో ద్రాక్ష సాళ్ల కలుపు: వించా, రిమోట్ మోవరా?

మా ద్రాక్ష తోట కొండవాలు మీద ఉంది. వాలు దాదాపు 60 శాతం, సాళ్లు పైనుంచి కిందికి నిలువుగా ఉంటాయి. ఇన్నాళ్లూ బ్రష్ కట్టర్‌తోనే నెట్టుకొస్తున్నాం, కానీ ఆ వాలులో అది భుజాన వేసుకుని పనిచేసే మనుషులు దొరకట్లేదు, దొరికినా ఎవరి కాలు ఎప్పుడు జారుతుందోనని నాకు ఒకటే టెన్షన్. గ్లైఫోసేట్ (కలుపు మందు) కొట్టడం ఇష్టం లేదు. వించ్ (కేబుల్‌ని చుట్టి బరువు లాగే యంత్రం) పెట్టుకోమని ఒకరు, రిమోట్‌తో ట్రాక్‌ల మీద నడిచే క్రాలర్ మోవర్ (గడ్డి కోసే మెషిన్) కొనమని ఇంకొకరు అంటున్నారు. పైగా సాళ్ల మధ్య గడ్డి ఎలాగోలా కోసినా తీగ మొదళ్ల దగ్గరిది ఎలా తీయాలి? వాడినవాళ్లు చెప్పండి.

కొండగాలి:
60 శాతం అంటే సుమారు 31 డిగ్రీలండి. కొనేముందు ఈ లెక్క సరిచూసుకోండి, ఎందుకంటే బ్రోచర్లలో ఒకరు శాతంలో రాస్తారు, ఒకరు డిగ్రీల్లో రాస్తారు (45 డిగ్రీలు అంటేనే 100 శాతం). రిమోట్ మోవర్ మీ వాలుకు సరిపోతుంది, మనిషి దూరంగా ఉంటాడు కాబట్టి నా ఓటు దానికే. కాకపోతే ఇంజిన్ ఆ వాలులో ఆగకుండా ఎంతసేపు పనిచేయగలదో అడగండి. మామూలు ఇంజిన్ అయితే ఆయిల్ ఒక పక్కకు చేరిపోయి పంపుకు అందదు, ఇంజిన్ పట్టేస్తుంది. తడి గడ్డి మీద ట్రాక్‌లు కూడా జారతాయి. నడిపేవాళ్లు ఎప్పుడూ మెషిన్‌కి కింది వైపు నిలబడకూడదు, రాళ్లు ఎగిరొస్తాయి.

సాలుపక్క:
సాళ్లు నిలువుగా ఉన్నాయి కాబట్టి వించ్ కూడా బాగానే కుదురుతుంది. జర్మనీలో మోజెల్ లోయ రైతులు చేసేది ఇదే: ట్రాక్టర్‌ని పైన దారిలో నిలిపి, దాని వించ్ కేబుల్‌కి కట్టిన బండిని సాల్లోకి దింపుతారు, పనిముట్లు ఆ బండికే ఉంటాయి. కానీ పైన ట్రాక్టర్ నిలిచే దారి లేకపోతే ఈ ఆలోచన వదిలేయండి. మెట్ల తోటలకూ ఇది పనికిరాదు. కేబుల్‌లో ఒక్క పోగు తెగి కనిపించినా మార్చేయాలి, కేబుల్ బిగిసి ఉన్నప్పుడు దాని వరుసలో ఎవరూ ఉండకూడదు.

వేరుమట్టి:
అసలు కష్టం మొదళ్ల దగ్గరే, దాని గురించి ఎవరూ చెప్పలేదు. దానికి ముందు వైపు తడుము కడ్డీ ఉన్న బ్లేడు దొరుకుతుంది. కడ్డీ తీగకు తగలగానే బ్లేడు వెనక్కి జరిగి, తీగ దాటాక మళ్లీ లోపలికి వస్తుంది. లేత తీగలు ఆ కడ్డీని వెనక్కి నెట్టలేవు కాబట్టి వాటికి ఊతకర్ర గట్టిగా ఉండాలి, లేదంటే బ్లేడు మొక్కనే కోసేస్తుంది. నైలాన్ తాళ్ల బ్రష్ అయితే మట్టిని పెద్దగా కదపదు గానీ లేత బెరడును చీల్చేస్తుంది. రాళ్ల నేలలో బ్లేడు ఊరికే మొండిబారిపోతుంది, అక్కడ బ్రష్షే నయం. ఇంకో మాట, ఇంత వాలులో సాలు మొత్తం దున్నేయకండి, ఒక్క గట్టి వానకి పైమట్టి అంతా కిందికి పోతుంది. మధ్యలో గడ్డిని వేళ్లతో సహా ఉంచి పొట్టిగా కోస్తూ, మొదళ్ల వెంట సన్నటి పట్టీ మాత్రమే శుభ్రం చేస్తే చాలు. గొర్రెల్ని వదలమని కూడా ఎవరో ఒకరు చెప్తారు, మీరు బోర్డో మిశ్రమం (రాగి ఉండే తెగుళ్ల మందు) కొడుతుంటే ఆ పని చేయకండి, రాగి వాటికి విషం.

అడిగినవారు:
పైన దారి ఉంది కానీ ట్రాక్టర్ తిరగదు. అయితే వించ్ మాట వదిలేసి రిమోట్ మోవర్ చూస్తాను. వేరుమట్టి గారూ, ఆ కడ్డీ బ్లేడు రిమోట్ మెషిన్‌కే బిగించుకోవచ్చా?

వేరుమట్టి:
కొన్ని మోడల్స్‌కే కుదురుతుంది. పనిముట్టుకి హైడ్రాలిక్ లైన్ (ఆయిల్ ఒత్తిడితో దాన్ని నడిపే పైపు) ఇచ్చే మెషినా కాదా అని ముందే అడగండి. అది లేకపోతే మోవర్ గడ్డి కోయడానికి తప్ప ఇంకెందుకూ రాదు.