మెజారిటీ తీర్పులో చీఫ్ జస్టిస్ చెయ్యి ఎంత?

ఎల్ఎల్‌బీ ఫైనలియర్, శ్రీకాకుళం:
అమెరికా సుప్రీంకోర్టులో చీఫ్ జస్టిస్ మెజారిటీ వైపు ఉంటే తీర్పు ఎవరు రాయాలో ఆయనే చెబుతాడట. అందుకే ఓడేవైపు ఉండకుండా ఓటు కలిపేసే చీఫ్‌లూ ఉంటారని చదివాను. మన దగ్గరా అంతేనా? మా సార్‌ని అడిగితే "అందరికీ ఒకటే ఓటు" అని తేల్చేశారు. వచ్చే వారం సెమినార్, టెన్షన్‌గా ఉంది.

విజయనగరం వకీలు:
మీ సార్ చెప్పింది నిజమే బాబూ, కాకపోతే సగమే. అమెరికాలో తొమ్మిది మందీ కలిసే కూర్చుంటారు కాబట్టి చీఫ్ ఎత్తుగడంతా తీర్పు ఎవరిచేత రాయించాలన్న దగ్గరే. మన హైకోర్టులో మామూలుగా కూర్చునేది ఒకరో ఇద్దరో, అరుదుగా ముగ్గురో అంతకంటే ఎక్కువ మందో. ఆ కూర్చునేది ఎవరన్నదే అసలు సంగతి. రోస్టర్, అంటే ఏ కేసులు ఏ జడ్జి వినాలన్న పట్టిక, చీఫ్ జస్టిస్ చేతిలోదేనని ప్రకాశ్ చంద్ కేసులో 1998లోనే సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2018 జనవరి 12న నలుగురు సుప్రీం జడ్జీలు ప్రెస్ మీట్ పెట్టింది కూడా కేసుల కేటాయింపు గురించే.

కొత్త రోస్టర్ వచ్చిన రోజు మా బార్ రూముకొచ్చి చూడు. భూసేకరణ రిట్లు ఎవరికి పడ్డాయి, సర్వీసు మేటర్లు ఎవరికెళ్ళాయి, ఇదే గోల. మా సీనియర్ అయితే కళ్ళజోడు నుదుటికెక్కించి, ఫోన్ ముక్కుదాకా తెచ్చుకుని లిస్టు చూసి, అమరావతి వకీలుకి అప్పటికప్పుడే కాల్ చేస్తారు: "రేపే మెన్షన్ చెయ్ (త్వరగా వినమని జడ్జిని అడుగు)" అనో, "వాయిదా అడుగు" అనో. కేసు కట్ట విప్పకుండానే!

అలాగని బెంచి వేసిన చీఫే గెలుస్తాడనుకోకు. ట్రిపుల్ తలాక్‌లో ఖేహర్, 2022లో ఈడబ్ల్యూఎస్ (అగ్రవర్ణ పేదల) రిజర్వేషన్ల కేసులో లలిత్, 2023లో స్వలింగ వివాహాల కేసులో చంద్రచూడ్, ముగ్గురూ చీఫ్ జస్టిస్‌లై ఉండి 3-2తో మైనారిటీలో పడ్డారు.

పాతపట్నం:
కేశవానంద భారతి కేసు కూడా రాసుకో తమ్ముడూ, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని సుప్రీంకోర్టు చెప్పింది అందులోనే. 7-6 అంటారు గానీ, చివర్న "మెజారిటీ అభిప్రాయం" అని ఒక చిన్న సారాంశం ఉంటుంది. దాని మీద చీఫ్ జస్టిస్ సిక్రీతో కలిపి 13 మందిలో 9 మందే సంతకం పెట్టారు. వందల పేజీల తీర్పు పక్కనపెట్టి జనం గుర్తుంచుకున్నది ఆ కాగితాన్నే.

నిర్వాసితుడు, హిరమండలం:
వకీలుగారూ, మా పరిహారం కేసులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారండి. ఇప్పుడేటవుద్ది?

విజయనగరం వకీలు:
మూడో జడ్జి దగ్గరకెళ్తుందండీ. మామూలుగా ఆయన్ని వేసేది చీఫ్ జస్టిసే. 2018లో మద్రాసు హైకోర్టులో 18 మంది ఎమ్మెల్యేల అనర్హత కేసులో తేడా వచ్చిన ఇద్దరిలో చీఫ్ జస్టిస్ ఇందిరా బెనర్జీ ఒకరు. అందుకని మూడో జడ్జిని ఎంచే పని తన తర్వాతి సీనియర్‌కి వదిలేశారు. ఆ మర్యాద నాకు నచ్చింది. తర్వాత సుప్రీంకోర్టు ఆ మూడో జడ్జినీ మార్చిందనుకోండి, అది వేరే కథ.

మీ కేసు మొత్తం మళ్ళీ మొదలవ్వదు. తేడా వచ్చిన పాయింటు మీదే వాదన, మొదటి ఇద్దరి అభిప్రాయమూ లెక్కలో ఉంటుంది. ఆ పాయింటు ఏదో తీర్పులో గీత గీసి ఇమ్మని మీ వకీలుని అడగండి.