ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ చరిత్రలో క్యాంపు మరణం గురించి ఎలా రాయాలి?

ప్రశ్న (సంచిక సంపాదకుడు): ఉస్మానియా అనుబంధ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ చరిత్రను సంచికగా తెస్తున్నాం. 1970ల్లో శీతాకాలం క్యాంపులో ఒక వాలంటీరు చెరువులో మునిగి చనిపోయాడని పాత అధ్యాపకులు చెబుతున్నారు. కాలేజీలో దాని గురించి ఒక్క కాగితమూ దొరకలేదు. ఎక్కడ వెతకాలి? దొరికితే ఎలా రాయాలి?

జవాబు (పాత రికార్డులు): ముందు ఏ ఏడాదో తేల్చుకోండి. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40 వేల మందితో మొదలైంది. అప్పుడు హైదరాబాద్ తెలంగాణ ఉద్యమంలో ఉంది, చదువులే సరిగా సాగలేదు. తొలి ఏడాది కాగితాలు లేవంటే పోయాయనే అనుకోనక్కర్లేదు. యూనిట్ తర్వాత ఎప్పుడో మొదలై ఉండొచ్చు.

ఎన్‌ఎస్‌ఎస్ గది బీరువాతో ఆగిపోకండి. క్యాంపు లెక్కలు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ల (మంజూరైన డబ్బు ఖర్చు చేసినట్టు ఇచ్చే ధ్రువపత్రాలు) కోసం అకౌంట్స్ సెక్షన్‌లోనూ, యూనివర్సిటీ ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ ఆఫీసులోనూ అడగండి. హాజరు పట్టీ మధ్యలో ఆగిపోయినా, భోజనం ఖర్చు మంజూరైన రోజుల కంటే తక్కువున్నా క్యాంపు ముందే ముగించేసి ఉండొచ్చు, ప్రమాదానికి అదో ఆనవాలు. ఇప్పుడు క్యాంపు 7 రోజులే, ఒకప్పుడు 10 రోజులుండేది. ఆ తేడా మరిచిపోతే లెక్క తప్పుతుంది.

జవాబు (తార్నాక పాఠకుడు): పోలీసు రికార్డు అడిగేటప్పుడు ఊరిని ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే దొరకదు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది, అంతకుముందు అది హైదరాబాద్ జిల్లాలో భాగం. అప్పటి తాలూకా పేరు రాసి, అనుమానాస్పద మరణాల శవపంచనామా కోసం అడగండి. 1970ల్లో అది సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 174 కింద ఉండేది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అంత పాత ఫైలు ధ్వంసం చేసేశామనే జవాబు రావొచ్చు. అప్పుడు ధ్వంసం చేసిన ఉత్తర్వు నకలు అడగండి.

పత్రికలకు అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడండి. ఈనాడు హైదరాబాద్ ఎడిషన్ 1975లో వచ్చింది. అంతకుముందు సంవత్సరాలకు ఆంధ్రప్రభ, ఉర్దూ పత్రిక సియాసత్ తిరగేయండి. సంఘటన జరిగాక కనీసం నాలుగు రోజుల సంచికలు చూడాలి, ఊళ్ళ వార్త ఆలస్యంగా చేరేది.

జవాబు (క్యాంపు భద్రత): రాసేటప్పుడు చివరి పేజీలో నల్లగీతల చట్రంలో నివాళిగా పెట్టకండి. ఆ ఏడాది పనుల మధ్యే రాయండి: ఏ రోజు, ఏ చెరువు, పనిలోనా స్నానానికి దిగా, వెంట ఎవరున్నారు. 'విధి వక్రించి' అని రాస్తే కారణం మరుగునపడుతుంది. మన చెరువుల్లో మట్టి తవ్విన గుంతల వల్ల ప్రమాదాలు జరుగుతుంటాయి. ఎండాకాలం తవ్వుతారు, వానలకు నిండాక పైనుంచి లోతు తెలియదు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు ఒక్క అడుగుతో రెండు నిలువుల నీళ్ళలో పడతాడు. పంచనామాలో అలాంటిదేమైనా ఉంటే తప్పకుండా చేర్చండి, తర్వాత క్యాంపుల్లో ఏం మార్చారో కూడా.

పేరు వేసేముందు కుటుంబానికి ప్రూఫు చూపించండి. వాళ్ళు వద్దంటే పేరు తీసేయండి, సంఘటన మాత్రం ఉంచండి.