నా స్క్రిప్టులో లేని 'డి' కమాండ్ మ్యాక్‌కు ఎక్కడ కనిపించింది?

చెరువుగట్టు (భీమవరం):
మాకు రొయ్యల చెరువులున్నాయి. నీటిలోని ఆక్సిజన్‌ను సెన్సర్ పది నిమిషాలకొకసారి 'డేటా.సీఎస్‌వీ' ఫైల్లో రాస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి రాత్రి అంకెలు పొద్దున్నే చూసుకోవాలి. తప్పుడు వరుసలను సరిచేసి, నిన్నటివి విడిగా తీసే చిన్న స్క్రిప్టు (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) రాశాను. ఉబుంటు లినక్స్‌లో మూడు నెలలుగా నడుస్తోంది. తమ్ముడి మ్యాక్‌లో మాత్రం 'డి కమాండ్ చివర అదనపు అక్షరాలు' అంటూ ఆగిపోయింది. నేను డి కమాండే రాయలేదు! చెరువు దగ్గరి షెడ్డులో ఆల్పైన్ అనే మరో లినక్స్ వేసిన చిన్న బోర్డు కంప్యూటరయితే స్క్రిప్టే దొరకలేదంటోంది. ఫైలు కళ్లెదుటే ఉంది. వాడింది కమాండ్లు నడిపే షెల్ బ్యాష్, ఫైల్లోని రాతను మార్చే సెడ్, తేదీ చెప్పే డేట్, అంతే. ఇవి అన్నిచోట్లా ఉండేవే కదా?

పాతకీబోర్డు (అమలాపురం):
పేరు కుంచమే, కొలత ఊరికొకటి. మీరు ఫైలును అక్కడికక్కడే మార్చే 'సెడ్ మైనస్ ఐ' వాడి ఉంటారు. ఉబుంటులో ఉన్నది గ్నూ ప్రాజెక్టు సెడ్, మ్యాక్‌లో ఉన్నది బీఎస్‌డీ అనే యూనిక్స్ వంశానిది. మ్యాక్ సెడ్‌కు మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఫైలు పేరు చివర చేర్చే తోక తప్పనిసరి. మీరు ఇవ్వలేదు కనుక మీ మార్పు సూత్రాన్నే తోక అనుకుంది. తర్వాత వచ్చిన 'డేటా.సీఎస్‌వీ'ని సూత్రంగా చదివింది. ఇంగ్లిషులో ఆ పేరు మొదటి అక్షరం డి, సెడ్ భాషలో డి అంటే వరుస చెరిపేయడం. మిగతా అక్షరాలు 'అదనం' అయ్యాయి. ఫైలు పేరు వేరే అక్షరంతో మొదలైతే ఫిర్యాదు కూడా మారేది!

బోర్డు సంగతి చిన్నది. ఆల్పైన్‌లో బ్యాష్ ముందుగా ఉండదు. మొదటి వరుసలో మీరు అడిగిన బ్యాష్ దొరక్క, నింద స్క్రిప్టు మీద వేస్తోంది.

కొబ్బరిమట్ట (రాజోలు):
ఆల్పైన్‌లో బ్యాష్ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదా?

పాతకీబోర్డు:
బోర్డులో స్క్రిప్టు మొదలవుతుంది. కానీ బ్యాష్ వచ్చినంత మాత్రాన డేట్ మారదు. 'నిన్న' అని మాటల్లో అడిగితే గ్నూ డేట్‌కు అర్థమవుతుంది, ఆల్పైన్‌లోని బిజీబాక్స్ (చిన్న కమాండ్ల కట్ట) డేట్‌కు కాదు. మ్యాక్‌లో అందుకు వేరే ఆప్షన్ ఉంది.

చెరువుగట్టు:
అయితే ప్రామాణికం అని దేన్ని నమ్మాలండీ?

పాతకీబోర్డు:
యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌ను. షెల్, కమాండ్ల భాగం 1992లో ప్రమాణంగా వచ్చింది, 2024లో కొత్త కూర్పు వెలువడింది. నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. మ్యాన్ పేజీ (కమాండ్ సహాయ పుట) మీ యంత్రంలో ఏముందో చెబుతుంది, పోసిక్స్ ఎక్కడైనా ఏముండాలో చెబుతుంది. చదివితే ఆశ్చర్యాలే. సెడ్ ఉంది, మైనస్ ఐ లేదు. ఫైళ్లను ఒక కట్టగా చేయడానికి రోజూ వాడే టార్ లేదు, అదే పనికి చాలామంది పేరైనా వినని పాక్స్ ఉంది. కమాండ్ ఎక్కడుందో చెప్పే 'విచ్' లేదు, దాని పని 'కమాండ్ మైనస్ వీ' చేస్తుంది. నన్నడిగితే పాక్స్ విషయంలో ప్రమాణం కన్నా లోకమే నయం: చాలా లినక్స్‌లలో పాక్స్ ముందుగా ఉండదు, టార్ ఉంటుంది.

మీ పనికి ఇలా చేయండి. మొదటి వరుసలో బ్యాష్ బదులు పోసిక్స్‌లోని షెల్ ఎస్‌హెచ్ పెట్టండి, బ్యాష్‌కే ప్రత్యేకమైన అర్రేలు (విలువల జాబితాలు) ఉంటే తీసేయండి. సెడ్ ఫలితాన్ని వేరే ఫైల్లోకి పంపి, తర్వాత ఎమ్‌వీతో పేరు మార్చండి. 'నిన్న'ను లెక్కగట్టే పనే వద్దు: రోజుకొక ఫైలు రాయించి, పేరులో ఏడాది, నెల, రోజు వరుసగా పెట్టండి. జాబితాలో చివరి నుంచి రెండోది నిన్నటిది.

చెరువుగట్టు:
వేరే ఫైలు ఎందుకులే అని అదే ఫైల్లోకి పంపాను. సున్నా బైట్లు మిగిలాయి!

పాతకీబోర్డు:
సెడ్ చదవడం మొదలుపెట్టకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. బోర్డులో అసలు ఫైలు ఉంది కదా?

చెరువుగట్టు:
ఉందండీ, పాడైంది నకలే. ఇప్పుడు మూడుచోట్లా ఒకే అంకెలు వస్తున్నాయి. రెండో చెరువులో తెల్లవారుజామున నాలుగింటికి ఆక్సిజన్ 3.1 చూపిస్తోంది, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు చూడటానికి వెళ్తున్నాను.