పారిజాతాన్ని ఏటా కత్తిరించాలా, దాని మానాన వదిలేయాలా?

వాకిలిమొక్క: మా ఇంటి ముందు పారిజాతం మేడ దాటిపోయింది. పూత అంతా పైకొమ్మల్లోనే. తెల్లవారేసరికి సగం పూలు పక్కింటి రేకుల మీద రాలుతున్నాయి. మావారు నడుమెత్తుకు కొట్టించేద్దామంటున్నారు. దేవుడి చెట్టుకు కత్తి పెట్టవద్దని అత్తయ్యగారు. మీరేమంటారు?

నీడపట్టు: సత్యభామ పెరట్లో చెట్టు, రుక్మిణి వాకిట్లో పూలు! మీ గొడవ కొత్తదేమీ కాదండీ. నా మాట వింటే వదిలేయండి. నేను ఒక శ్రావణంలో కొమ్మలన్నీ కొట్టించాను. ఆ ఏడు కార్తికంలో దేవుడి ముందు పెట్టడానికి దోసెడు పూలు కూడా రాలేదు.

కత్తెరచేయి: నీడపట్టు గారూ, తప్పు కత్తిది కాదు, నెలది. పారిజాతం ఆ ఏడాది వేసిన కొత్త రెమ్మల చివళ్లలో పూస్తుంది. మన దగ్గర పూత శ్రావణ భాద్రపదాల్లో మొదలై మార్గశిరం దాకా సాగుతుంది. శ్రావణంలో మీరు కొట్టించింది కొమ్మలను కాదు, మొగ్గలను! పూత అయిపోయాక, కొత్త చిగురు రాకముందు, అంటే మాఘంలో కత్తిరించాలి. అదీ మూడో వంతుకు మించకుండా. నడుమెత్తుకు నరికితే పొదలా గుబురెక్కుతుంది, అందం పోతుంది. ఒక్క హెచ్చరిక: ఆకు గరుకు కాగితంలా ఉంటుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

నీడపట్టు: నెల సంగతి ఒప్పుకుంటాను. కానీ కొండవాలుల్లో తనంతట పెరిగే పారిజాతాలకు కత్తెర ఎవరు వేస్తున్నారు? అవి పూయడం లేదా?

కత్తెరచేయి: పూస్తాయి. కానీ అక్కడ బుట్ట పట్టుకుని ఎవరూ ఎదురుచూడరు కదా! ఇంటిచెట్టు చేతికందాలి.

తులసికోట: అసలు చేతికందడం ఎందుకు? సందెవేళ విచ్చి, తెల్లవారకముందే రాలే పువ్వు ఇది. కోయనక్కర లేదు. నేలరాలిన పూలు పూజకు పనికిరావంటారు గానీ, పారిజాతానికి ఆ పట్టింపు లేదు. కత్తిరించాల్సింది చెట్టును కాదు, దాని కింద పోసిన సిమెంటును. (ఉత్తరప్రదేశ్‌లోని కింటూరు ఊళ్లో పారిజాతమని కొలిచే పాత చెట్టుకు ఎవరూ కత్తి పెట్టలేదని ఎవరైనా అనేలోపే చెబుతున్నాను, అది వేరే జాతి, ఆఫ్రికా బావోబాబ్.)

కత్తెరచేయి: సిమెంటు తీయిస్తే రేకుల మీద పూలు కిందికి దిగివస్తాయా, తులసికోట గారూ? గోడ దాటిన కొమ్మలనైనా తగ్గించక తప్పదు.

వాకిలిమొక్క: మాఘం దాకా ఆగుదామంటే మావారు ఒప్పుకున్నారు. గోడ దాటిన కొమ్మల వరకే అన్నాక అత్తయ్యగారూ సరేనన్నారు. ఈలోగా ఈ ఉదయం చెట్టు కింద పాత నేతచీర పరిచాను. దాన్ని నీళ్లలో జాడిస్తే పూలు నలిగిన చోటల్లా పగడపు కాడల రంగు కాషాయం మరకలై కనిపించింది. పక్కింటి పిన్నిగారు మాత్రం రేకుల మీది పూలు ఏరుకుని, ‘కొమ్మ కొట్టేస్తారా ఏమిటి?’ అని దిగులుగా అడిగి వెళ్లారు. ఇప్పుడు ఆవిడకేం చెప్పాలో మీరే చెప్పండి.