కాలిఫోర్నియా డ్రీమిన్: అసలు పాట ఎవరిది?

పాతరికార్డులపెట్టె:
మామాస్ అండ్ ది పాపాస్ అనే నలుగురి గాయక బృందం పేరు మీద లోకమంతా విన్న ఈ పాటను ముందుగా రికార్డు చేసింది బ్యారీ మెక్‌గ్వైర్. 1965లో లూ ఆడ్లర్ నిర్మాణంలో ఆయన పాడుతుంటే ఈ నలుగురూ వెనక వంత పాడారు. తరువాత ఆ టేపులోంచే ఆయన గొంతు తీసేసి ఆ నలుగురిలో ఒకరైన డెన్నీ డోహర్టీ చేత పాడించారు. మౌత్ ఆర్గాన్ ఉన్నచోట బడ్ షాంక్ ఫ్లూట్ చేర్చారు. ఆ సింగిల్ 1966లో బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. వాద్యాలు అవే, వంత అదే. ఈ బృందాన్ని ఆడ్లర్‌కు పరిచయం చేసింది కూడా మెక్‌గ్వైరే. అలాంటప్పుడు అసలు పాట ఆయనదే అనాలి. కాదనేవారు కారణం చెప్పండి.

నాలుగుగొంతులు:
నేను కాదంటాను. 1963లో న్యూయార్క్ చలిలో మిషెల్ ఫిలిప్స్‌కు సొంత ఊరి మీద బెంగ పుడితే, ఆమె, భర్త జాన్ కలిసి కట్టిన పాట ఇది. ఇద్దరూ ఆ బృందంలోవారే. రాసినవారే పాడుకుంటే అన్యాయం ఎక్కడుంది?

హక్కుల సంగతి పక్కన పెట్టి, రెండూ వెంటవెంటనే వినండి. మెక్‌గ్వైర్‌ది గరుకు గొంతు, నిరసన గీతాలకు చక్కగా సరిపోయేది. ఆయన ఒక పక్క, వంత పాడేవారు మరో పక్క నిలబడినట్టు వినిపిస్తుంది. డెన్నీ పాడినప్పుడు ఆ ఎడం లేదు. ఆయన మాట పూర్తవుతుండగానే మిగతావారు అందుకుంటారు, ఒకే మనసు తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఇక ఆ ఫ్లూట్! అది మామూలు ఫ్లూట్ కాదు, ఇంకా కింది స్థాయిలో పలికే ఆల్టో ఫ్లూట్. ఊదేవారు జాజ్ విద్వాంసుడు. మొదట నిదానంగా ఎత్తుకుని, పైకి పోయి, అక్కడ కాసేపు తడుముకున్నట్టు తిరిగి, గొంతులకు దారి ఇస్తుంది. మౌత్ ఆర్గాన్‌తో అది ఒక మంచి జానపద ఫక్కీ పాట. ఫ్లూట్‌తో దానికి చలి వచ్చింది. దీన్ని ‘సన్‌షైన్ పాప్’ అనే ఉల్లాసపు పాటల కోవలో వేస్తారు గానీ ఇందులో ఎండ ఉన్నది కోరికలోనే కదా!

మంచుదేశం:
మీరిద్దరూ ఒక విషయం వదిలేశారు. డెన్నీది కెనడాలోని హాలిఫాక్స్. చలికాలం గురించి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1968లో ఇదే పాట పాడిన బాబీ వోమాక్‌ది క్లీవ్‌లాండ్. ఆయన వంతను నమ్ముకోకుండా ఒంటరిగా వేడుకుంటాడు, చర్చిలో ఆగి ప్రార్థిస్తున్నట్టు నటించే చరణం నిజమైన ప్రార్థనలా మారిపోతుంది. నా ఓటు ఆయనకే. 1986లో బీచ్ బాయ్స్ పాడారు, రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల గిటారు ఎంతో బాగుంది, కానీ బెంగ లేదు. కాలిఫోర్నియా బృందానికి ఆ దూరం ఎలా తెలుస్తుంది?

పాతరికార్డులపెట్టె:
ఆ లెక్క నిలవదండి. బెంగ పడ్డ మిషెల్ కాలిఫోర్నియా బిడ్డే. పుట్టిన ఊరు కాదు, ఉన్న చోటు ముఖ్యం. వోమాక్ గురించి మీరన్నది మాత్రం ఒప్పుకుంటాను.

నాలుగుగొంతులు గారూ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీకు ఇష్టమైన రికార్డు మొదలు ఎడమ ఛానల్ వినండి. పూర్తిగా చెరిపేయని మెక్‌గ్వైర్ గొంతు క్షణకాలం వినిపిస్తుంది. ఆయన కోసం వాయించిన తాళం మీదే మీ డెన్నీ నిలబడ్డాడు. వంతలోని ఆ ఊపు కూడా మెక్‌గ్వైర్‌కు బదులిస్తూ పాడినప్పుడు పుట్టిందే.

నాలుగుగొంతులు:
విన్నాను, ఉంది. అయినా నా మాట మారదు. తాళం, వంత ఆయనకోసం పుట్టినవే, సందేహం లేదు. కానీ అదే టేపు, అదే డ్రమ్ము, అదే గిటారు ఉండగా రెండు మార్పులతో పాట ఇంత లోతుగా దిగిందంటే, దాని ప్రాణం ఆ రెండింటిలోనే ఉంది. తొలి రికార్డు అని మెక్‌గ్వైర్ పేరు ముందు రాయండి, తప్పకుండా రాయాలి. అసలు పాట అని మాత్రం రాయకండి.