గుడ్డు మానేశాను, అయినా కొలెస్ట్రాల్ తగ్గలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

రాత్రిషిఫ్ట్:
వయసు 46. మూడు నెలల కిందట టెస్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) 158, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు) 210 వచ్చాయి. ముందు తిండి మార్చి చూడండి, మాత్రల సంగతి తర్వాత అన్నారు డాక్టర్ గారు. ఆ రోజు నుంచి గుడ్డు ముట్టలేదు, సీసా మీద 'జీరో కొలెస్ట్రాల్' అని ఉన్న నూనె తప్ప వాడలేదు, పొద్దున గుడ్లకు బదులు ఓట్స్ బిస్కెట్లు ఏడెనిమిది. నిన్న మళ్ళీ చేయిస్తే ఎల్‌డీఎల్ 154, ట్రైగ్లిజరైడ్స్ ఏమో 245! నోరు కట్టేసుకుని మరీ పెంచుకున్నానా ఏంటి? టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

లేబుల్‌పిచ్చోడు:
ముందు ఆ నూనె సంగతి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలో ఉంటుంది, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదండీ. సీసా మీద రాసింది అబద్ధం కాదు, కాకపోతే నీళ్ళ సీసా మీద 'కొవ్వు లేదు' అని రాసినట్టు. చూడాల్సింది వెనక పక్క, శాచురేటెడ్ ఫ్యాట్ (నెయ్యి, పామాయిల్ లాంటి వాటిలో ఎక్కువుండే కొవ్వు) ఎంత అని. ఒంట్లో కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా మన శరీరమే తయారు చేసుకుంటుంది, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునేది లివర్, ఈ శాచురేటెడ్ ఫ్యాట్ ఎక్కువైతే ఆ లాక్కోవడం మందగిస్తుంది. చాలామందికి గుడ్డు కంటే దీని దెబ్బే ఎక్కువ. అమెరికా వాళ్ళు 2015-20 ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అనే హద్దును తీసేశారు కూడా (అంటే డజన్లు లాగించమని కాదు, షుగర్ ఉంటే డాక్టర్‌ని అడగాలి).

నా అనుమానమంతా బిస్కెట్ల మీదే. మైదా, చక్కెర ఎక్కువైతే లివర్ ఆ మిగులును ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. ప్యాకెట్ తిప్పి పదార్థాల వరస చదవండి, ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు. ఓట్స్ ఎన్నో స్థానమో ఇక్కడ పెట్టండి.

రాత్రిషిఫ్ట్:
తిప్పాను. మైదా, చక్కెర, పామాయిల్, ఆ తర్వాత ఓట్స్, 9 శాతం. శాచురేటెడ్ ఫ్యాట్ 100 గ్రాములకు 10 గ్రాములు. ముందు వైపు మాత్రం పెద్ద గుండె బొమ్మ.

చెంచాలెక్క:
హహ, ఆ బొమ్మకే డబ్బులు! రోజు క్యాలరీల్లో శాచురేటెడ్ ఫ్యాట్ వాటా 10 శాతం దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) చెప్పే లెక్కన 2000 క్యాలరీలు తినే మనిషి రోజంతా కలిపి అది 22 గ్రాములు దాటకూడదు, బిస్కెట్ ఒక్కోటి పది గ్రాములనుకుంటే మీరు వాటితోనే ఏడెనిమిది గ్రాములు ఊదేస్తున్నారు.

అసలు ఓట్స్ తినండి. నేను జావలా ఉడికిస్తాను, చల్లారాక గరిటెకు పట్టుకుని వదలదు చూడండి, ఆ జిగురుదే పనంతా. పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి మోసుకుపోతుంది, లివర్ కొత్తది చేసుకోవాలంటే ముడిసరుకు కొలెస్ట్రాలే కాబట్టి రక్తంలోంచి లాగుతుంది. ఆ పీచు పేరు బీటా గ్లూకాన్, రోజుకు 3 గ్రాములు (పొడి ఓట్స్ సుమారు 75 గ్రాములు) వెళ్తే ఎల్‌డీఎల్ ఓ 5 శాతం తగ్గొచ్చు. అద్భుతం కాదు, కానీ బీన్స్, బార్లీ, యాపిల్ కూడా ఇలాంటి పనే చేస్తాయి.

పాతపేషెంట్:
స్టెంట్ పడినవాణ్ణి కాబట్టి ఒక మాట. కొలెస్ట్రాల్ గోలలో పడి నేను బీపీని మర్చిపోయాను. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు. ప్యాకెట్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణించండి, నేను తాగే సూప్ కప్పుకు 900 మిల్లీగ్రాములు, అంటే 2.25 గ్రాముల ఉప్పు, దాదాపు సగం కోటా అక్కడే అయిపోయింది! సోడియం తక్కువ ఉప్పు కొందామంటే అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని బీపీ మాత్రలు వాడుతున్నా అడక్కుండా తినొద్దు. ఇంకోటి, వంశంలోనే ఎల్‌డీఎల్ ఎక్కువుంటే తిండి ఒక్కటే సరిపోదు, రేపు మాత్ర రాస్తే ఓడిపోయానని బాధపడకండి.

రాత్రిషిఫ్ట్:
అందరికీ థాంక్స్. రేపటి నుంచి జావ, మూడు నెలల తర్వాత రిపోర్ట్ ఇక్కడే పెడతాను. ఇంట్లో ఇంకా మూడు బిస్కెట్ ప్యాకెట్లున్నాయి, వాటినేం చేయమంటారు?