ఈబీటీ కార్డు వాడేవాళ్ళంటే మనవాళ్ళకి ఎందుకింత చులకన?

తణుకు అమ్మాయి (ఇర్వింగ్, టెక్సాస్):

అందరికీ నమస్కారమండి. నాకు హెచ్4 ఈఏడీ (భర్త వీసా మీద వచ్చినవాళ్ళకి ఇచ్చే పని అనుమతి) వచ్చాక, రెండేళ్ళుగా ఇక్కడ ఒక పెద్ద కిరాణా స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. మొన్న శనివారం ఫ్రిస్కోలో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక అన్నగారు, "మనం రాత్రింబవళ్ళు కష్టపడి కట్టే టాక్సంతా ఈ ఈబీటీ బ్యాచ్‌కే పోతోంది. పనీపాటా ఉండదు, చేతిలో మాత్రం ఐఫోన్" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు. నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తిండి సరుకుల కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం ఇది. ఒకప్పుడు ఫుడ్ స్టాంపులనేవాళ్ళే, ఇప్పుడు దాని పేరు స్నాప్. ఆ డబ్బు నెలనెలా ఈబీటీ కార్డులో పడుతుంది. టెక్సాస్‌లో దాన్ని లోన్ స్టార్ కార్డ్ అంటారు. దాంతో సబ్బు రాదు, డైపర్లు రావు, జ్వరం మాత్ర రాదు. వేడిగా ఉన్న తిండి కూడా రాదు.

ఆ చివరి రూలు ఎలా ఉంటుందో నా కౌంటర్ దగ్గరే చూశాను. నెలాఖరు, రాత్రి ఎనిమిదిన్నర. ఒకావిడ ముసలివాళ్ళ హోమ్‌లో డ్యూటీ ముగించుకుని, యూనిఫాంతోనే వచ్చింది. వెంట ఇద్దరు పిల్లలు. పాలు, గుడ్లు, బ్రెడ్డు, ఒక రోటిసరీ కోడి (స్టోర్‌లోనే కాల్చి వేడిగా అమ్మేది). కార్డు గీశాక మిగతావాటికి డబ్బు కట్ అయింది, కోడి మాత్రం స్క్రీన్ మీద అలాగే ఉండిపోయింది. వేడిది కాబట్టి మెషీన్ తీసుకోదు. ఆవిడ పర్సు తెరిచి చూసి మూసేసింది. ఫ్రిజ్‌లో నిన్నటి కోళ్ళు చల్లగా ఉంటాయి, అవైతే వస్తాయని చెప్పాను. పెద్దవాడికి ఏడేళ్ళుంటాయేమో, పరిగెత్తుకెళ్ళి ఒకటి రెండు చేతులతో పట్టుకొచ్చాడు. "అమ్మా, ఇది చల్లగానే ఉంది, తీసుకోవచ్చు" అన్నాడు. వాడికి ఆ రూలు ముందే తెలుసన్నమాట. వెనక నిలబడ్డాయన గట్టిగా నిట్టూర్చాడు. రసీదు అడుగున కార్డులో ఎంత మిగిలిందో పడుతుంది. 4 డాలర్ల 11 సెంట్లు. ఆవిడ దాన్ని చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది.

మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. మేం రేషన్ బియ్యం తిని పెరిగాం. మా అమ్మ రేషన్ షాపు నుంచి వచ్చేటప్పుడు సంచి మీద కొంగు కప్పుకునేది. ఆ రోజు ఈవిడ రసీదు మడతపెడుతుంటే నాకు ఆ కొంగే గుర్తొచ్చింది.

ఆ అన్నగారికి నేను ఏం చెప్పి ఉండాల్సింది? ఆయన చెడ్డవాడు కాదు. మా ఆయనకి ఒంట్లో బాగోనప్పుడు అర్ధరాత్రి కారేసుకుని వచ్చిన మనిషి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ప్లేనో నుంచి ఒకడు:

చెల్లెమ్మా, ఆ మాట నేనూ అన్నవాడినే కాబట్టి దాపరికం లేకుండా చెప్తాను. పదమూడేళ్ళుగా గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాను. జీతంలోంచి ముసలితనంలో పెన్షన్, వైద్యం పేరుతో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్నీ కట్ అవుతాయి. రేపు ఉద్యోగం పోతే వీసా రూలు ప్రకారం 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే పెట్టే బేడా సర్దుకోవాలి. ఏ కార్డూ మనల్ని ఆదుకోదు. పోయినేడాది లేఆఫ్ టెన్షన్‌లో మూడు నెలలు సరిగ్గా నిద్రపోలేదు. అప్పుడు లైన్లో ముందున్న మనిషి సోడా డబ్బాలు ఆ కార్డు మీద కొంటుంటే కడుపు మండింది. అది తప్పే కావచ్చు, కానీ మండింది నిజం.

కొలంబస్ రీసెర్చ్ స్టూడెంట్:

అన్నా, మీ బాధ నిజమే. కానీ 60 రోజుల రూలు పెట్టింది ఆ సోడా కొన్న మనిషి కాదు కదా.

టాక్సు సంగతికొస్తే, 2024లో అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రతి 100 డాలర్ల ఖర్చులో స్నాప్‌కి వెళ్ళింది రెండు డాలర్ల లోపే. మనిషికి నెలకి సగటున 187 డాలర్లు, అంటే రోజుకి ఆరు డాలర్ల చిల్లర. తీసుకునేవాళ్ళలో పదికి నలుగురు పిల్లలే. పని చేయగలిగిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది పని చేస్తున్నవాళ్ళో, ఈమధ్యే పని పోయినవాళ్ళో. పిల్లలు లేకుండా, ఒంట్లో బాగుండి, నెలకి 80 గంటలు పని చూపించలేని మనిషికి మామూలుగా మూడేళ్ళలో మూడు నెలలే ఇస్తారు. 1996లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టిన చట్టం నుంచీ ఉన్న రూలు ఇది.

పని చేస్తే పేదరికం పోతుందనుకుంటాం. టెక్సాస్‌లో కనీస వేతనం గంటకి ఏడుంపావు డాలర్లు, 2009 నుంచి పైసా పెరగలేదు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా చేస్తే 15,080 డాలర్లు. ముగ్గురున్న ఇంటికి 2025 పేదరిక రేఖ 26,650. అక్క చెప్పిన ఆవిడకి ఇంతకంటే కొంచెం ఎక్కువే వస్తుందనుకున్నా, లెక్క పెద్దగా మారదు.

ఇంకో విషయం. షికాగో యూనివర్సిటీవాళ్ళ జనరల్ సోషల్ సర్వేలో ఒకే ప్రశ్నని రెండు రకాలుగా అడుగుతూ వస్తున్నారు. "వెల్ఫేర్ (ప్రభుత్వ సంక్షేమం) మీద ప్రభుత్వం పెట్టేది సరిపోతోందా?" అని కొందరిని, "పేదవాళ్ళకి సాయం" అనే మాటతో ఇంకొందరిని. పేదవాళ్ళకి సాయం అన్నప్పుడు ఇంకా ఎక్కువ పెట్టాలనేవాళ్ళు చాలామంది. వెల్ఫేర్ అనగానే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. 1976 ఎన్నికల ప్రచారంలో, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రీగన్, షికాగోలో వెల్ఫేర్ డబ్బు మోసం చేసి తీసుకున్న ఒకామె కథ ఊరూరా చెప్పారు. మోసం జరిగిన మాట నిజం. కానీ ఆ ఒక్కామె మొహాన్నే కోట్లమందికి తగిలించేశారు. మనం గృహప్రవేశాల్లో మాట్లాడేది ఇప్పటికీ ఆ మొహం గురించే.

కరీంనగర్ అబ్బాయి:

నేను ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్ చదివిన. మా నాయినకి గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీల అయింది. మాకు తెల్లకార్డు లేకుంటే నేను ఈ దేశం మొహం చూసేటోణ్ణి కాదు. ఆ రోజు ఎవరో కట్టిన పన్నే కదా అది. గీ మాట ఆ అన్నకి చెప్పండి అక్కా, ఆయనింట్ల కూడా ఏదో ఒక కార్డు ఉండే ఉంటది.

పేరు చెప్పలేను:

ఈ గ్రూపులో చాలా ఏళ్ళుగా చదవడమే తప్ప రాయలేదు. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇక్కడే పుట్టారు. రెండేళ్ళ కిందట మా ఆయన ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. నా వీసాకి ఏదీ రాదు, పిల్లలు సిటిజన్లు కాబట్టి వాళ్ళిద్దరి పేరుమీద స్నాప్ వస్తుంది. అప్లికేషన్ నింపి కూడా మూడు వారాలు పంపలేదు. రేపు నా గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందేమోనని ఒక భయం, మనవాళ్ళకి తెలుస్తుందేమోనని ఇంకో భయం. రెండోదే పెద్దది. లాయరుగారు పిల్లలు తీసుకునేది వేరు, మీరు తీసుకునేది వేరు అని చెప్పాక పంపాను.

ఇప్పటికీ ఇంటి పక్క స్టోర్‌కి వెళ్ళను. ఇరవై మైళ్ళు కారేసుకుని మన తెలుగువాళ్ళు ఉండని వైపు వెళ్తాను. కౌంటర్‌లో మన మొహం కనిపిస్తే లైను మారతాను. అమ్మాయీ, మీ కౌంటర్‌కి వచ్చినా మారేదాన్నే. మీరు రాసింది చదివాక మారనేమో.

ప్లేనో నుంచి ఒకడు:

అమ్మా, ఇరవై మైళ్ళన్న మాట దగ్గర ఆగిపోయాను. మా గుడి వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఈబీటీ వాళ్ళని ఎగతాళి చేసే వీడియో ఒకటి నేనే ఫార్వర్డ్ చేశాను. ఇప్పుడే తీసేశాను.

తణుకు అమ్మాయి:

పేరు చెప్పలేనన్న అక్కా, మీకు విడిగా మెసేజ్ పెట్టాను, వీలైనప్పుడు చూడండి.

మిగతా అందరికీ: నిన్న ఆ అన్నగారింటికి గిన్నెలు తిరిగివ్వడానికి వెళ్ళాను. ఆయన ఆఫీస్ కాల్‌లో ఉన్నారు. వదినకి మాత్రం కోడి సంగతంతా చెప్పాను. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంది. "వేడిది ఎందుకివ్వరట?" అంది. ఇంట్లో వండుకునే సరుకులకే అని రూలు వదినా అన్నాను. "రాత్రి ఎనిమిదిన్నరకి డ్యూటీ దిగి, పిల్లల్ని తీసుకుని ఇంటికెళ్ళి, చల్లటిది వేడి చేసి పెట్టాలా?" అంది. అవునన్నాను. ఆవిడ లోపలికెళ్ళి ఆయన కాల్ అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది.